చేనేత చీరలు అమ్మేవాళ్ళకి సొంత వెబ్‌సైట్ అవసరమా? వాట్సాప్ చాలదా?

మగ్గం_గడప (మంగళగిరి)
సోమవారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారమండీ. మామయ్యగారి కాలం నుంచి మా ఇంట్లో గుంట మగ్గాలున్నాయి. ఇప్పుడు మా మగ్గాలే కాకుండా చుట్టుపక్కల నేతవాళ్ళ చేత కూడా నేయించి కాటన్ చీరలు, పట్టు చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్ముతున్నాం. అమ్మకమంతా వాట్సాప్ స్టేటస్, రెండు గ్రూపులు, ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ మీదే. బండి నడుస్తోంది, లేదనను. కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచి అవే ప్రశ్నలు. బ్లౌజు ముక్క ఉందా, రంగు పోతుందా, మిషన్‌లో వెయ్యొచ్చా, బెంగళూరుకి ఎన్ని రోజులు, లాస్టు ప్రైస్ ఎంత. వంట చేస్తూ కూడా ఇవే టైపు చేస్తున్నా.

మరిది వెబ్‌సైట్ పెడదాం వదినా అంటున్నాడు. విజయవాడలో ఒకాయన్ని అడిగితే నలభై వేలు చెప్పారు. ఆ డబ్బుకి జరీ వస్తుంది కదా అని మావారు. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడికొచ్చా. పెట్టినవాళ్ళు, పెట్టి మూసేసినవాళ్ళు, ఇద్దరూ చెప్పండి.

బెజవాడ_పెసరట్టు (విజయవాడ)
సోమవారం, రాత్రి 9.40

మీవారి మాటే వినండమ్మా. మాకు టిఫిన్ సెంటరుంది. గూగుల్ మ్యాప్‌లో పేరు, టైమింగులు, ఫొటోలు ఉన్నాయి, రూపాయి ఖర్చు లేదు. ఆకలేసినవాడు మ్యాప్ చూసుకుని వస్తాడు, వెబ్‌సైట్ తెరిచి మా వంశచరిత్ర చదవడు. నలభై వేలంటే గ్రైండరొస్తుంది.

కోడ్_కాకినాడ
సోమవారం, రాత్రి 10.25

పెసరట్టు గారు ఆయన వ్యాపారానికి సరిగ్గానే చెప్పారు. వెబ్‌సైట్లు చేసి బతికేవాణ్ణి, అయినా నేనూ ఆ మాటే అంటా: రెండు కిలోమీటర్ల లోపు గిరాకీతో నడిచే టిఫిన్ సెంటరుకి, ఇస్త్రీ బండికి, కిరాణాకి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే మ్యాప్‌లో కనిపించే ఆ ఉచిత పేజీ, చాలు.

చీరల సంగతి వేరు. కొనేవాళ్ళు బెంగళూరులో, పుణేలో ఉంటారు. కొట్టు చూడరు, బట్ట పట్టుకుని చూడరు. డబ్బు ముందు పంపాలి. అక్కడ ఒక ఎడ్రసు కావాలి, చదువుకోవడానికి నాలుగు మాటలు కావాలి.

మీ స్టేటస్ 24 గంటల్లో పోతుంది. ఇన్‌స్టాలో పోయిన సంక్రాంతికి పెట్టిన ఫొటో ఇవాళ చాలామంది కంట పడదు. "మంగళగిరి నిజాం అంచు కాటన్ చీర" అని గూగుల్లో వెతికే మనిషికి మీ గ్రూపులో ఏముందో ఎప్పటికీ తెలియదు, అందులోకి గూగుల్ తొంగిచూడలేదు కాబట్టి. అదే వివరాలు వెబ్ పేజీలో రాసిపెడితే రెండేళ్ళ తర్వాత వెతికినవాళ్ళకి కూడా దొరికే అవకాశముంది. అవకాశం అనే అంటున్నా. పేజీ పెట్టగానే మొదటి వరసలో కూర్చోబెడతానని ఎవరైనా అంటే ఆ మనిషికి అడ్వాన్సు ఇవ్వకండి.

మీరు రాసిన ఆ అయిదు ప్రశ్నలున్నాయే, నన్నడిగితే వెబ్‌సైట్‌కి అవే మొదటి కారణం. అమ్మకాలు పెరుగుతాయా లేదా తర్వాత చూద్దాం. చీర 5.5 మీటర్లు, బ్లౌజుతో కలిపితే ఇంత, మొదటిసారి ఉప్పునీళ్ళలో నానబెట్టాలా వద్దా, ఏ ఊరికి ఎన్ని రోజులు. ఒక్కసారి శుభ్రంగా రాసి, అడిగినవాళ్ళకి ఆ లింకు పంపండి. మీ వంట మీరు చేసుకోవచ్చు.

గాజుల_పెట్టె (తిరుపతి)
సోమవారం, రాత్రి 10.51

మా అక్క సంగతి చెప్తా. లేసులు, గాజులు, బ్లౌజు డిజైన్లు అంతా టిక్‌టాక్‌లోనే చూపించేది. బాగా ఫాలోయర్లు ఉన్నారు. 2020 జూన్ 29 రాత్రి 59 యాప్‌లు నిషేధించారని వార్త వచ్చింది, టిక్‌టాక్ అందులో ఒకటి. తెల్లారేసరికి ఆ జనమంతా ఎక్కడున్నారో తెలీదు. ఒక్కళ్ళ ఫోన్ నంబరు కూడా రాసుకోలేదు. మళ్ళీ ఇన్‌స్టాలో సున్నా నుంచి మొదలు.

2021 అక్టోబరు 4 గుర్తుందా? ఫేస్‌బుక్, ఇన్‌స్టా, వాట్సాప్ మూడూ ఒకేసారి ఆరేడు గంటలు ఆగిపోయాయి. మనకది రాత్రిపూట కాబట్టి సరిపోయింది, దసరా సేల్ నడిచే సాయంత్రమైతే ఏమయ్యేదో.

బెజవాడ_పెసరట్టు
మంగళవారం, ఉదయం 6.05

వెబ్‌సైట్ మాత్రం ఆగిపోదా ఏమిటి? సర్వర్ డౌన్ అని రాదా? ఇంకో మాట. గూగుల్ వాళ్ళే మాకు ఒక ఉచిత వెబ్‌సైట్ ఇచ్చారు, మెనూ కూడా పెట్టాం. ఇప్పుడది తెరుచుకోవట్లేదు. ఊరికే ఇచ్చిందే నిలవలేదు, డబ్బిచ్చి చేయించుకున్నది నిలుస్తుందని నమ్మకమేంటి?

కోడ్_కాకినాడ
మంగళవారం, ఉదయం 8.30

ఊరికే ఇచ్చింది కాబట్టే నిలవలేదండీ. బిజినెస్ ప్రొఫైల్‌తో ఇచ్చిన ఆ వెబ్‌సైట్లని గూగుల్ 2024 మార్చిలో ఆపేసింది. జూన్ దాకా ఆ లింకు నొక్కితే మీ ప్రొఫైల్‌కి తీసుకెళ్ళేది, తర్వాత అదీ లేదు. ఆ ఎడ్రసు చివర ఉన్న business.site అనే పేరు గూగుల్ వాళ్ళది. మీ బోర్డు మీద ముద్రించినా అది మీది కాదు.

సర్వర్ డౌన్ అవుతుంది, నిజమే. కానీ డొమైన్, అంటే సైటు ఎడ్రసు, మీ పేరున ఉంటే ఈ హోస్టింగ్, అంటే సైటుని ఉంచిన సర్వర్, నచ్చకపోతే ఇంకో చోటికి మార్చుకోవచ్చు. ఎడ్రసు మారదు, కవర్ల మీద వేయించిన పేరు మారదు. నేను సొంతం అనేది ఆ పేరుని. లోపలి డిజైను మూడేళ్ళకోసారి ఎలాగూ పాతబడుతుంది.

డల్లాస్_పిన్ని
మంగళవారం, ఉదయం 9.02

కొనేదాన్ని కాబట్టి కొనేవాళ్ళ వైపు నుంచి చెప్తా. ఇక్కడ మేము నలుగురం కలిసి ఏటా ఉగాదికీ దసరాకీ చీరలు తెప్పించుకుంటాం. ఇన్‌స్టాలో బోలెడు పేజీలు. ధర అడిగితే డీఎం చెయ్యండి, అంటే విడిగా మెసేజ్ పెట్టండి అంటారు. డీఎం చేస్తే నాకు పగలు, వాళ్ళకి అర్ధరాత్రి. జవాబొచ్చేసరికి నేను నిద్రలో ఉంటా, లేచేసరికి చీర అమ్ముడుపోయి ఉంటుంది. ధర రాసిపెట్టడానికి అంత బెరుకెందుకో నాకు అర్థం కాదు.

పోయినేడు మా ఫ్రెండు ఒక పేజీలో డబ్బు కట్టింది, చీర రాలేదు. తర్వాత తెలిసింది, ఆ ఫొటోలు వేరే కొట్టువాళ్ళవి. ఎవరో దించుకుని అదే పేరుకి ఒక అక్షరం మార్చి పేజీ తెరిచారు. అసలు కొట్టువాళ్ళకి వెబ్‌సైట్ ఉండి, అందులో "మా ఇన్‌స్టా పేజీ ఇదొక్కటే, మా నంబరు ఇదొక్కటే" అని ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. అప్పట్నుంచి వెబ్‌సైట్ లేని చోట మేము కొనడం మానేశాం.

ఇంకొకటి. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికాకి వచ్చే చిన్న పార్సిళ్ళకి ఉన్న 800 డాలర్ల సుంకం మినహాయింపు తీసేశారు. ఒక్క చీరైనా సుంకం పడుతుంది. అది మీరు కడతారా, మమ్మల్ని కట్టమంటారా? ముందే రాసి ఉంటే మనసు సిద్ధం చేసుకుని కొంటాం. డెలివరీ అబ్బాయి గుమ్మం దగ్గర చెప్తే గొడవ.

మగ్గం_గడప
మంగళవారం, మధ్యాహ్నం 2.15

పిన్నిగారూ, నకిలీ పేజీ మాట చదివి గుండె ఝల్లుమంది. మా ఫొటోలు కూడా ఎవరో వాడుతున్నారని ఒక కస్టమర్ పంపారు ఈమధ్య. ధర రాయకపోవడానికి కారణం ఉందండీ. పక్క కొట్టువాళ్ళు చూసి పది రూపాయలు తగ్గించి పెడతారు. పైగా పవర్‌లూమ్ బట్టకి జరీ అంచు వేసి మంగళగిరి అని సగం ధరకి అమ్మేవాళ్ళున్నారు. వాటి పక్కన మా ధర చూస్తే జనం పారిపోతారని భయం.

ఇక్కత్_పోరడు (పోచంపల్లి)
మంగళవారం, సాయంత్రం 5.48

అక్కా, ఆ భయం మాకు గూడ ఉండె. మా దిక్కు ప్రింటు చీరల్నే పోచంపల్లి అని అమ్ముతరు. ఇక్కత్ అంటె నూలు ముందుగాల కట్టి రంగులద్దుతం, ఆ తర్వాతనే మగ్గమెక్కుతది. బట్ట మీద అచ్చు గుద్దుడు గాదు. గిది ఎంతమందికి నోటితోని చెప్తవ్? మా సైటుల ఒక పేజీ దీనికే పెట్టినం. అసలుది ఎట్ల గుర్తువట్టాలె, చీరని తిరగేస్తె ఏం కనవడాలె, ఒక్క చీరకి ఏమేం పని వడుతది, అన్ని ఫొటోలతోని. ధర గూడ పక్కనే రాసినం. గా పేజీ సదివి వచ్చినోళ్ళు బేరమాడుడు తక్కువ. సదవనోళ్ళు ఎట్లయినా సగం ధరదే కొంటరు, ఆళ్ళు మన గిరాకి గాదు.

గని ఒక్క కష్టం జెప్తా. మనది ఫ్యాక్టరీ మాల్ గాదు. ఒక రంగుల ఒక్కటే చీర ఉంటది. పొద్దుగాల దుకాణంల అమ్ముడువోతది, సైటుల అట్లనే కనవడ్తది, రాత్రి ఇంకొకరు పైసలు కడ్తరు. మల్ల ఫోన్ జేసి బతిమాలుడు, పైసలు వాపస్. బండి మీద పార్సిల్ కట్టుకుంట సైటుల స్టాకు ఎవడు మారుస్తడు? అందుకే మా సైటుల ఇప్పుడు కొను అనే బటన్ తీసేసినం.

మగ్గం_గడప
మంగళవారం, సాయంత్రం 6.10

తీసేస్తే ఇంక అమ్మడం ఎలా తమ్ముడూ?

ఇక్కత్_పోరడు
మంగళవారం, సాయంత్రం 6.31

ప్రతి చీరకి ఒక నంబరు. ఫొటో కింద వాట్సాప్ బటన్. అది నొక్కంగనే "212 నంబరు చీర ఉన్నదా?" అని రాసే ఉన్న మెసేజ్ మనకొస్తది, ఆళ్ళు పంపుడే. ఉంటె క్యూఆర్ పంపుతం, పైసలు రాంగనే పార్సిల్. క్యాష్ ఆన్ డెలివరీ అస్సలు పెట్టకు అక్కా. తలుపు దగ్గర వద్దంటరు, పోను రాను కొరియర్ ఖర్చు మన నెత్తిన, చీర మడతలు నలిగి వస్తది.

కోడ్_కాకినాడ
మంగళవారం, రాత్రి 9.20

ఇది బంగారం లాంటి సలహా. ఒక్కొక్కటే ఉండే సరుక్కి కార్టు (సైటులోనే సరుకు ఎంచుకుని డబ్బు కట్టే ఏర్పాటు), స్టాకు లెక్క, ఆటోమేటిక్ ఇన్‌వాయిస్ ఇవన్నీ మొదటి రోజే అక్కర్లేదు. ఆ నలభై వేలలో ఎక్కువ భాగం వీటికే అయ్యుంటుంది. ఆ వాట్సాప్ లింకుకి ఫీజు లేదు, మెసేజ్ ముందే నింపి పెట్టే వీలు అందులోనే ఉంది.

ఖర్చు సంగతి. డాట్ ఇన్ డొమైన్ సాధారణంగా ఏడాదికి వెయ్యి లోపు. మొదటి ఏడాది 99 అని చూపించి రెన్యువల్‌కి బాదే చోట్లుంటాయి, రెండో ఏడాది ధర చూసి కొనండి. డాట్ భారత్ అని తెలుగు లిపిలో కూడా డొమైన్ దొరుకుతుంది, ముచ్చటగా ఉంటుంది కానీ ఫోన్లో చెప్పి టైపు చేయించడం తేలిక కాదు, దాన్ని రెండో పేరుగా పెట్టుకోండి. హోస్టింగ్ చిన్న సైటుకి ఏడాదికి రెండు మూడు వేలు. సైటు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. సైటు ఎడ్రసు https తో భద్రంగా తెరుచుకోవడానికి కావలసిన ఎస్ఎస్ఎల్‌కి విడిగా డబ్బడిగితే ఇవ్వకండి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అని ఊరికే ఇచ్చే సంస్థ ఉంది, చాలా హోస్టింగులు దాన్నే కలిపి ఇస్తాయి.

మీ మరిదికి ఓపిక ఉంటే నాలుగు ఆదివారాల పని. లేకపోతే ఎవరైనా చిన్న కుర్రాడికి ఎనిమిది పది వేలిచ్చి చేయించుకోవచ్చు. నా పొట్ట నేనే కొట్టుకుంటున్నా, పర్లేదు.

శ్రీశైలం_రోడ్డు
మంగళవారం, రాత్రి 9.55

ఎవరి చేత చేయించినా డొమైన్ మాత్రం మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో, మీ కార్డుతో కొనండి. మా బాబాయికి కర్నూలులో పంపుసెట్ల షాపు. సైటు చేసినాయన డొమైన్ తన పేరున రాసుకున్నాడు. రెండేళ్ళకి ఊరు మారి ఫోన్ ఎత్తడం మానేశాడు. గడువు తీరి పేరు పోయింది, ఇప్పుడా ఎడ్రసులో ఏదో రమ్మీ ప్రకటన వస్తోంది. బిల్లు పుస్తకాలన్నిటి మీదా అదే ఎడ్రసు.

ఆడిటర్_అబ్బాయి (గుంటూరు)
బుధవారం, ఉదయం 7.45

పై వాళ్ళు చెప్పనిది ఒకటి కలుపుతా. ముందుముందు కార్డు పేమెంట్లు, విదేశీ కార్డులు తీసుకోవాలనుకుంటే పేమెంట్ గేట్‌వే, అంటే ఆ డబ్బు వసూలు చేసి మన ఖాతాలో వేసే సంస్థ, కావాలి. వాళ్ళు అకౌంటు తెరిచే ముందు మామూలుగా వెబ్‌సైట్ అడుగుతారు. అందులో ఫోన్, ఎడ్రసు, డబ్బు వాపసు నియమాలు, ప్రైవసీ పేజీ, షరతుల పేజీ ఉన్నాయా అని చూస్తారు. ఛార్జీ సుమారు 2 శాతం, దాని మీద జీఎస్టీ. విదేశీ కార్డుకి ఇంకాస్త ఎక్కువ. మన దేశంలో వాళ్ళకి నేరుగా యూపీఐ చాలు.

పెద్ద బొటీక్‌లు, ఆఫీసు కానుకల ఆర్డర్లు ఇచ్చేవాళ్ళు కూడా వెబ్‌సైట్ చూస్తారు. మా క్లయింటు ఒకరికి యాభై దుపట్టాల ఆర్డరు వచ్చింది కేవలం సొంత డొమైన్ మీద ఈమెయిల్ ఉండబట్టి. అవతలి కంపెనీ కొనుగోలు విభాగంలో జీమెయిల్ ఎడ్రసుకి ఆర్డరు పంపరట. వింతగా ఉంటుంది కానీ అదీ లోకం.

జీఎస్టీ: వేరే రాష్ట్రాలకి సరుకు పంపితే మామూలుగా నమోదు కావాలి. చేతివృత్తుల వస్తువులకి కొన్ని మినహాయింపులున్నాయి, మీ సరుకు అందులోకి వస్తుందో లేదో మీ ఆడిటర్‌తో కూర్చుని చూసుకోండి. వెబ్‌సైట్ పెట్టినంత మాత్రాన కొత్త పన్నేమీ పడదు, ఆ అపోహ చాలామందికుంది.

బెజవాడ_పెసరట్టు
బుధవారం, ఉదయం 11.20

అయ్యా, అమెజాన్‌లో, ఫ్లిప్‌కార్ట్‌లో పెట్టేస్తే ఈ బాధలన్నీ ఉండవు కదా? అన్నీ వాళ్ళే చూసుకుంటారు.

ఇక్కత్_పోరడు
బుధవారం, మధ్యాహ్నం 12.40

అన్నా, అన్నీ ఆళ్ళే సూసుకుంటరు, కమీషన్ గూడ ఆళ్ళే సూసుకుంటరు. కొన్నది ఎవరో మనకి ఫోన్ నంబరు సక్కగ తెల్వది, మల్ల పండుగకి పిలిచి కొత్త డిజైన్ వచ్చిందని చెప్పనీకి లేదు. మన చీర పక్కనే సూరత్ చీర పెడ్తరు, అదే పేరు మీద.

గని కేంద్ర జౌళి శాఖవాళ్ళ ఇండియా హ్యాండ్‌మేడ్ అని ఒక పోర్టల్ ఉన్నది, 2023ల మొదలైంది, చేనేత, హస్తకళల కోసమే, కమీషన్ లేదు. దాంట్ల పెట్టుకో అక్కా, నష్టం లేదు. సొంత సైటు సొంత సైటే.

కోడ్_కాకినాడ
బుధవారం, రాత్రి 8.05

ఫొటోల సంగతి ఒక్క మాట. ఫోన్లో తీసింది నాలుగైదు ఎంబీ ఉంటుంది. అవే ఎక్కిస్తే పల్లెలో సిగ్నల్ మీద పేజీ తెరుచుకునేలోపు మనిషి వెళ్ళిపోతాడు. 200 కేబీ లోపు తగ్గించండి. ట్యూబులైటు కింద తీయొద్దు, పొద్దున ఎండ నేరుగా పడని వరండాలో తీయండి. రంగు తేడా వచ్చిందనే వాపసులు సగం అక్కడే ఆగుతాయి. ఒక ఫొటో మొత్తం చీర, ఒకటి అంచు దగ్గరగా, ఒకటి తిరగేసి. చేతి నేతలో అంచు వెంబడి సూదితో గుచ్చినట్టు సన్నటి రంధ్రాలు కనిపిస్తాయి కదా, మగ్గం మీద బట్ట సాగదీసి పట్టినప్పుడు పడేవి. అవి కనిపించేలా ఒకటి తీయండి. చేతి మగ్గానికి అదొక గుర్తు.

ధర, కొలత, జాగ్రత్తలు ఫొటో మీద అక్షరాలుగా వెయ్యకండి, పేజీలో టైపు చెయ్యండి. అప్పుడే వెతికితే దొరుకుతుంది. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. మన వాళ్ళు తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు.

గాజుల_పెట్టె
బుధవారం, రాత్రి 8.22

చేతి మగ్గం మీద నేసిందని తెలిపే ప్రభుత్వ చేనేత మార్కు లేబుల్, మంగళగిరి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్న సంగతి కూడా మొదటి పేజీలో వెయ్యండక్కా. ఊరి పేరుకి ఆ గుర్తింపు ఉందని కొనేవాళ్ళలో చాలామందికి తెలియదు.

డల్లాస్_పిన్ని
బుధవారం, రాత్రి 10.15

నేసేవాళ్ళ చేతుల ఫొటో ఒకటి కూడా. చెవిలో పువ్వులు పెట్టే కథలొద్దు. మగ్గం, నూలు, మీ వరండా చాలు.

మగ్గం_గడప
శనివారం, సాయంత్రం 4.30

అందరికీ చేతులెత్తి దణ్ణం. నిన్న మా మరిది డాట్ ఇన్ పేరు నా ఈమెయిల్ మీదే కొన్నాడు. రెన్యువల్ తేదీ క్యాలెండర్లో రాసి వంటింట్లో తగిలించా. ప్రశ్నలూ జవాబులూ ఉన్న పేజీ నేనే రాశాను, అమెరికా సుంకం ఎవరు కట్టాలో కూడా రాశా పిన్నిగారూ. కార్టు లేదు, నంబర్లూ వాట్సాపూ అంతే. ముందు ముప్ఫై చీరలు పెడుతున్నాం. మావారు "జరీ డబ్బులు మిగిలాయిగా" అన్నారు, ఒప్పుకున్నట్టే.

ఒక్కటి మాత్రం తేలట్లేదు. ఇల్లూ మగ్గాలూ ఒకే ఆవరణలో. ఇంటి ఎడ్రసు అందరికీ కనిపించేలా పెట్టడం నాకు ఇష్టం లేదండీ. పిల్లలుంటారు, ఎప్పుడుపడితే అప్పుడు జనం వస్తారు. పెట్టక తప్పదా?

ఆడిటర్_అబ్బాయి
శనివారం, సాయంత్రం 6.02

తప్పదమ్మా. 2020 వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో వ్యాపారంగా అమ్మేవాళ్ళు చట్టబద్ధమైన పేరు, ప్రధాన కార్యాలయం ఎడ్రసు, ఫోన్, ఈమెయిల్, ఫిర్యాదులు చూసే మనిషి పేరు చూపించాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. చిన్న ఊరి వ్యాపారాలు చాలా వరకు ఇది పాటించట్లేదు, అది వేరే విషయం.

అయితే అది మీరు పడుకునే ఇల్లే కానక్కర్లేదు. మీ బంధువుల్లో ఎవరికైనా బజార్లో కొట్టుంటే అద్దె ఒప్పందమో, అనుమతి పత్రమో రాయించుకుని వ్యాపార చిరునామాగా దాన్ని పెట్టుకోండి. జీఎస్టీ నమోదు, బ్యాంకు కరెంటు అకౌంటు కూడా అదే ఎడ్రసు మీద ఉండేలా చూడండి, రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే గేట్‌వే వాళ్ళు తిప్పి పంపుతారు. ఫోన్‌కి వేరే సిమ్ తీసుకోండి. "చూడటానికి వచ్చేవాళ్ళు ముందు రోజు వాట్సాప్ చేసి రావాలి" అని ఎడ్రసు కిందే రాయండి.

మగ్గం_గడప
శనివారం, సాయంత్రం 6.20

మా ఆడపడుచువాళ్ళకి పాత బస్టాండ్ దగ్గర కొట్టుంది. రేపే అడుగుతా.